క్రాస్టర్ రేవు పక్కన ఉన్న పూటకూళ్ళ ఇంటికీ డన్‌స్టన్‌బరో కోటకూ సంబంధం ఏమిటి?

ఉత్తరతీరవాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము న్యూకాజిల్‌లో స్థిరపడి తొమ్మిదేళ్ళయింది. భీమిలి నుంచి వచ్చిన మా నాన్నగారిని పోయిన ఆదివారం నార్తంబర్లాండ్ తీరంలోని క్రాస్టర్ అనే చిన్న బెస్తపల్లెకు తీసుకువెళ్ళాను. అక్కడ సముద్రం అంచునే 'జాలీ ఫిషర్‌మన్' అనే పాత పబ్బు ఉంది. రేవు దాటి, గొర్రెలు మేసే పచ్చికలో ఉత్తరంగా రెండు కిలోమీటర్లు నడిస్తే డన్‌స్టన్‌బరో కోట శిథిలాలు వస్తాయి. గాలికి ఎదురు నడుస్తూ వెళ్ళి, ఆ కూలిన జంట బురుజుల కింద కూర్చుని, తిరిగి వచ్చి పబ్బులో పీతల సూప్ తాగాము.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పిన ఉపాధ్యాయులు. సూప్ తాగుతూ ఆయన, "కోట కట్టేవాళ్ళకూ, కోటకు వచ్చిపోయేవాళ్ళకూ అన్నం పెట్టడానికే ఈ పూటకూళ్ళ ఇల్లు వెలిసి ఉంటుంది. మన వైపు గుడి ముందు సత్రం వెలిసినట్టే," అన్నారు. అవునో కాదో నేను చెప్పలేకపోయాను. అంత పెద్ద కోటను ఊరికీ రహదారికీ దూరంగా, ఎవరూ రాని కొండకొమ్ము మీద ఎందుకు కట్టారని కూడా అడిగారు. ఇక రేవు గోడ మీద ఉన్న స్మారకఫలకంలో పంజాబు పదాతిదళం పేరు చూసి ఇద్దరమూ ఆశ్చర్యపోయాము. ఈ మూడింటికీ జవాబు తెలిసినవారు వివరంగా రాస్తే ఆయనకు చదివి వినిపిస్తాను. వచ్చే నెల ఆయన తిరిగి వెళ్ళిపోతారు.

కోటగుమ్మం

ఉత్తరతీరవాసి గారికి, మీ నాన్నగారికి నమస్కారం. వారి ఊహ సహజమైనదే. రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, రెండూ పాతవి, రెండింటినీ ఒకే నడకలో చూస్తాము. కాని వాటి మధ్య ఐదు వందల ఏళ్ళకు పైగా ఎడం ఉంది. కోట పని 1313లో మొదలైంది. జాలీ ఫిషర్‌మన్ తలుపు తెరిచింది 1847లో. అప్పటికే ఆ కోట పాడుబడి మూడు వందల ఏళ్ళు దాటింది. కాబట్టి కోట సైనికుడెవడూ ఆ పబ్బులో పూట గడపలేదు.

కోటను అక్కడ ఎందుకు కట్టారన్న ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాయాలి, ఎందుకంటే కోట కథ మొత్తం అందులోనే ఉంది. కట్టించినవాడు లాంకాస్టర్ ప్రభువు థామస్. రాజు రెండవ ఎడ్వర్డ్‌కు దాయాది, అయిదు ఎర్ల్ పదవులు ఒక్కడే అనుభవించినవాడు, రాజు తరువాత ఇంగ్లండులో అంతటి సంపన్నుడు మరొకడు లేడు. రాజుకు ప్రాణసమానుడైన పియర్స్ గావెస్టన్‌ను 1312లో థామస్, అతని పక్షం ప్రభువులు పట్టుకుని చంపించారు. ఆ రక్తం ఆరకముందే, మరుసటి సంవత్సరమే, రాజధానికి ఎంతో దూరంగా ఉన్న ఈ ఉత్తర తీరంలో థామస్ కోట పని మొదలుపెట్టాడు. స్కాట్లండు దాడుల నుంచి రక్షణ అనేది పైకి చెప్పుకోదగిన కారణం. 1314లో బానక్‌బర్న్ వద్ద ఇంగ్లీషు సేన చిత్తుగా ఓడిన తరువాత ఆ భయం నిజమైనది కూడా. అయితే అంతకు మించి, రాజుతో చెడితే తలదాచుకోవడానికి సముద్రం వైపు తలుపు ఉన్న చోటు అతనికి కావలసి వచ్చిందని నేను నమ్ముతాను. కోట బురుజుల మీద నిలబడితే ఉత్తరాన బాంబరో కనిపిస్తుంది. అది రాజుగారి కోట. రాజుగారి కోట కళ్ళెదుట, దానికి ఏమాత్రం తీసిపోని కోటను ఒక సామంతుడు లేపుతున్నాడంటే అందులోని సవాలు ఆనాటివారికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

మీరు కింద కూర్చున్న ఆ జంట బురుజుల కట్టడమే ప్రధాన ద్వారం. మూడంతస్తుల ఎత్తున, ముందు వైపు గుండ్రంగా, మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌లో కట్టించిన కోటల ద్వారాలను తలపించేలా దానిని లేపారు. ప్రాకారం లోపలి నేల సుమారు పది ఎకరాలు. నార్తంబర్లాండ్‌లో ఇంతకన్నా విశాలమైన కోట లేదు. ఇరవై ఏళ్ళ కిందట పురావస్తు నిపుణులు కోట చుట్టూ ఉన్న పల్లపు నేలను కొలిచినప్పుడు మరో సంగతి బయటపడింది. ఇప్పుడు చిత్తడిగా కనిపించే ఆ పల్లాలు ఒకప్పుడు తవ్వి, నీరు మళ్ళించి నింపిన మూడు చెరువులు. అంటే భూమి వైపు నుంచి వచ్చేవాడికి కోట నీటి నడుమ తేలుతున్నట్టు కనిపించేది. స్కాట్లండువారితో రహస్యంగా ఉత్తరాలు నడిపినప్పుడు థామస్ తనకు పెట్టుకున్న మారుపేరు 'ఆర్థర్ రాజు' అని తెలిస్తే, ఆ చెరువులు కందకాలుగా మాత్రమే తవ్వినవి కావనీ, కథల్లోని ఆర్థర్ నివాసాన్ని గుర్తుకు తేవడానికి కూడా తవ్వినవనీ కొందరు పండితులు చేసిన ఊహ చాలా బలంగా తోస్తుంది.

ఇంత చేసి అతను ఆ కోటలో కాపురం ఉన్నది లేదు. 1319లో స్కాట్లండు సరిహద్దు పట్టణమైన బెరిక్ ముట్టడికి వెళ్తూ దారిలో ఒక్కసారి చూసి ఉంటాడని చరిత్రకారులు భావిస్తారు. 1322లో రాజు మీద తిరగబడి ఓడి, ఉత్తరానికి పారిపోతుండగా మార్చి 16న బరోబ్రిడ్జ్ దగ్గర దారి మూసుకుపోయింది. అతను చేరాలనుకున్న చోటు డన్‌స్టన్‌బరోయే అని చాలామంది అభిప్రాయం. ఆరు రోజుల తరువాత, తన సొంత కోట అయిన పాంటిఫ్రాక్ట్ దగ్గరే తల నరికించుకున్నాడు.

తరువాతి చరిత్రను క్లుప్తంగా చెబుతాను. 1380ల్లో లాంకాస్టర్ డ్యూక్ జాన్ ఆఫ్ గాంట్ ఆ ప్రధాన ద్వారాన్ని మూసివేయించి, దానినే లోపలి దుర్గంగా మార్చి, పక్కన కొత్త వాకిలి తెరిపించాడు. ఇంగ్లండు సింహాసనం కోసం రెండు రాజవంశ శాఖల మధ్య జరిగిన గులాబీల యుద్ధంలో కోట చేతులు మారుతూ పోయి, 1464లో వారిక్ ప్రభువు వశమైంది. ఆపైన దాని అవసరం ఎవరికీ లేకపోయింది. పైకప్పుల మీది సీసం వేరే కోటల మరమ్మతులకు తరలిపోయింది. 1538 నాటికి రాజోద్యోగులే దీనిని పాడుబడ్డ ఇల్లుగా లెక్క రాశారు. చిత్రకారుడు టర్నర్ 1797లో ఇక్కడికి వచ్చి, తుఫాను రాత్రి గడిచిన తరువాతి సూర్యోదయంలో ఈ కోటను చిత్రించినప్పుడు, అతను చూసినది ఇంచుమించు మనం ఇప్పుడు చూస్తున్న శిథిలమే.

ఉప్పుచేప

కోటగుమ్మం గారు కోట సంగతి చెప్పారు కనుక నేను పబ్బు సంగతి చెబుతాను. ముందుగా ఒక మాట. ఇంగ్లీషులోని 'ఇన్' అనే మాటకు మనలో చాలామంది 'సత్రం' అని రాస్తారు. అది సరి కాదు. సత్రం ధర్మానికి పెట్టేది, ఇన్ డబ్బుకు పెట్టేది. ఉత్తరతీరవాసి గారి నాన్నగారు 'పూటకూళ్ళ ఇల్లు' అన్నారు చూడండి, ఆ మాటే దగ్గరగా ఉంది. అయితే పూటకూళ్ళమ్మ కల్లు పోయదు, ఇక్కడ బీరు పోస్తారు. పూటకూళ్ళ ఇల్లు, కల్లుపాక, ఊరి రచ్చబండ మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయనుకుంటే ఆనాటి పల్లె పబ్బు మన కళ్ళకు కడుతుంది. ఆ కాలంలో అనుమానాస్పద మరణాల మీద విచారణ కూడా చాలా ఊళ్ళలో పబ్బు గదిలోనే జరిగేది, ఎందుకంటే పది మందీ కూర్చోగలిగిన గది ఊరిలో మరొకటి ఉండేది కాదు. సముద్రం ఒడ్డున అటువంటి విచారణ అంటే, సాధారణంగా నీట మునిగినవారి గురించే.

1830లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఇంటి పన్ను కట్టే ఏ గృహస్థుడైనా రెండు గినీలు చెల్లిస్తే బీరు అమ్ముకునే హక్కు వచ్చింది. అప్పటి నుంచి ఇంగ్లండు పల్లెల్లో తాగే ఇళ్ళు పుట్టగొడుగుల్లా లేచాయి. అయితే ఒక ఇల్లు లేవడం వేరు, నిలవడం వేరు. క్రాస్టర్‌లో అది నిలవడానికి కారణం కోట కాదు, హెర్రింగ్ చేప.

హెర్రింగ్ మన కవళ్ళ జాతికి దగ్గరి చుట్టం, నూనె ఎక్కువ, గుంపులు గుంపులుగా తిరుగుతుంది, పట్టిన రోజే ఏదో ఒకటి చేయకపోతే పాడవుతుంది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ గుంపులు వేసవిలో ఈ తీరం వెంట దిగేవి. స్కాట్లండు ఆడపడుచులు పడవల వెంటే రేవు నుంచి రేవుకు ప్రయాణిస్తూ, వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని, చిన్న కత్తితో చేప పొట్ట చీరి, ఉప్పు వేసి పీపాల్లో పేర్చేవారు. ఆ పనిలో వారి వేగాన్ని చూసినవాళ్ళు వర్ణించి వర్ణించి రాశారు. వారి వేళ్ళ గాయాల్లో ఉప్పు ఎంత మండేదో రాసినవాళ్ళు తక్కువ.

పబ్బు తెరిచిన 1847లోనే న్యూకాజిల్ నుంచి బెరిక్ వరకు రైలు దారి కూడా తెరుచుకుంది. అంతకు ముందు చేప అమ్మాలంటే బండి పోగలిగిన దూరమే అంగడి. రైలు వచ్చాక లండన్ దాకా అంగడే. పబ్బు ఎదుటనే ఉన్న పొగ ఇంటిని 1856లో కట్టారు. మీరు ఆ వీధిలో నడిచినప్పుడు వాసన తెలిసే ఉంటుంది. ఇప్పటికీ అదే ఇంట్లో, ఒకే కుటుంబం నాలుగు తరాలుగా కిప్పర్లు, అంటే పొగబెట్టిన హెర్రింగ్ చేపలు, చేస్తోంది. చేపను వీపు వైపు నుంచి చీల్చి, శుభ్రం చేసి, కాసేపు ఉప్పు నీటిలో ఉంచి, కొక్కేలకు గుచ్చి, ఓక్ రంపపుపొట్టు కమురుతుండగా ఆ పొగలో పదహారు గంటల దాకా వేలాడదీస్తారు. లోపలి గోడలు నూట అరవై ఏళ్ళకు పైబడిన పొగతో తారులాగా నల్లబడ్డాయి. మనం చేపను ఇసుకలో ఎండబెడతాము. వీరికి అంత ఎండ లేదు, కాబట్టి పొగను నమ్ముకున్నారు.

ఒక విచారకరమైన సంగతి కూడా చెప్పాలి. మితిమీరి పట్టడం వల్ల ఉత్తర సముద్రంలో హెర్రింగ్ అడుగంటి, 1977లో వేటను నిషేధించవలసి వచ్చింది. నిషేధం తొలగినా ఈ తీరపు పాత వేట తిరిగి రాలేదు. ఈనాడు క్రాస్టర్ కిప్పర్‌కు వాడే హెర్రింగ్‌లో చాలా భాగం నార్వే నుంచి వస్తుంది. పొగ మాత్రం ఊరిదే.

నల్లరాయి

నేను భూగర్భశాస్త్రం చదువుకున్నవాణ్ణి కనుక రాయి వైపు నుంచి ఒక మాట కలపాలనిపిస్తోంది. కోటకూ పబ్బుకూ సంబంధం లేదన్నారు. మనుషుల చరిత్రలో లేదు, నిజమే. కాని రెండూ ఆనుకుని ఉన్నది ఒకే రాతిని.

ఆ కోట నిలబడిన నల్లని కొండకొమ్మును 'విన్ సిల్' అంటారు. దాదాపు 29 కోట్ల 50 లక్షల ఏళ్ళ కిందట భూమి లోపల కరిగిన రాయి పొరల మధ్యకు చొరబడి, పైకి రాకుండా అక్కడే పలకలా గడ్డకట్టింది. ఆ రాయి డోలరైట్. తెలంగాణలో గ్రానైటును చీల్చుకుని నిలువుగా గోడల్లా పోయే నల్లరాతి చాళ్ళను చూసినవారికి ఇది పరిచయమైన రాయే. అక్కడ నిలువుగా లేచింది, ఇక్కడ అడ్డంగా పరుచుకుంది. అలా అడ్డంగా పరుచుకున్న పొరను ఈ ప్రాంతపు గని కూలీలు 'సిల్' అనేవారు. ఈనాడు ప్రపంచమంతటా భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఉన్న మాట వారి నోటి మాటే. కోటకు ఉత్తరాన ఉన్న గల్ క్రాగ్ కొండచరియలో రాయి స్తంభాలు స్తంభాలుగా చీలి కనిపిస్తుంది. బాంబరో కోట, లిండిస్‌ఫార్న్ కోట, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడలో నడుమ భాగం అన్నీ ఈ రాతి వీపు మీదే ఉన్నాయి.

ఇక రేవు. మీరు చూసిన రేవు గోడలు 1906 నాటివి, అంటే పబ్బు కన్నా రేవే దాదాపు అరవై ఏళ్ళు చిన్నది. అంతకు ముందు లిటిల్ కార్, మకిల్ కార్ అనే రెండు బండల మాటున ఉన్న సహజమైన నీటి సందులోకి 'కోబుల్' అనే అడుగు చదునైన పడవలను తెచ్చి ఒడ్డుకు లాగేవారు. గోడలు కట్టించినది ఆ ఊరి భూస్వాములైన క్రాస్టర్ కుటుంబం. ఆ ఇంటి బిడ్డ కెప్టెన్ జాన్ క్రాస్టర్ బ్రిటిషు ఇండియా సైన్యంలో, 46వ పంజాబు దళంలో అధికారి. వైస్రాయ్ కర్జన్ కాలంలో యంగ్‌హస్బెండ్‌తో పాటు లాసాకు పంపిన టిబెట్ దండయాత్రలో 1904లో మరణించాడు. మీరు ఫలకం మీద చదివినది అతని గురించే. ఆ దండయాత్రలో తుపాకులు మోసినవారిలో ఎక్కువమంది సిక్కులు, గూర్ఖాలు, పఠాన్లు. ఎదుట నిలిచి వందల సంఖ్యలో చనిపోయిన టిబెటన్ల చేతిలో పాతకాలపు వత్తి తుపాకులు, కత్తులు ఉన్నాయి. ఒక అన్నదమ్ముడి కోసం కట్టిన ఆ గోడను గౌరవించవచ్చు. అయితే ఆ గోడ ముందు నిలబడినప్పుడు నాకు ఆ పేర్లు లేనివారు కూడా గుర్తుకు వస్తారు.

ఆ రేవును చేపల కోసమే కాక రాయి కోసం కూడా వాడారు. ఊరి వెనుక క్వారీలో తవ్విన విన్‌స్టోన్‌ను, అంటే ఆ నల్లరాయినే, తీగల మీద తొట్లలో రేవు దాకా తెచ్చి, దక్షిణపు గోడ చివర ఉన్న ఎత్తైన గిడ్డంగుల్లో పోసి, అక్కడి నుంచి ఓడల్లోకి జార్చేవారు. లండన్ వీధుల అంచు రాళ్ళలో ఈ ఊరి రాయి ఉంది. 1939లో క్వారీ మూతపడింది. ఆ గిడ్డంగులను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తొలగించారు, ఎందుకంటే శత్రు విమానాలకు అవి దూరం నుంచి కొండగుర్తుగా కనిపించేవి. వాటి అడుగున ఉన్న కాంక్రీటు కమాను ఒక్కటే ఇప్పుడు గోడ చివర నిలిచి ఉంది. చాలామంది యాత్రికులు దానిని ఏదో ద్వారమనుకుని ఫోటోలు తీసుకుంటారు. ఇక మీరు కారు నిలిపిన చోటే పాత క్వారీ.

ఉత్తరతీరవాసి

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి మొత్తం మా నాన్నగారికి చదివి వినిపించాను. హెర్రింగ్ ఆడపడుచుల సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. భీమిలి ఒడ్డున చేపల గంపలు ఎత్తుకుని పరుగున పోయే ఆడవాళ్ళను చిన్నప్పటి నుంచి చూసినవారు కదా.

అయితే ఆయన తన ప్రశ్నను పూర్తిగా విడిచిపెట్టలేదు. "పబ్బు కాకపోతే కాకపోవచ్చు. అంత పెద్ద కోట పని ఏళ్ళ తరబడి నడిచింది కదా. కూలీలు ఎక్కడో తిన్నారు, సరుకు ఎక్కడి నుంచో వచ్చింది. కోటకు ఒక ఊరు ఉండి తీరాలి," అన్నారు. కోటగుమ్మం గారు, దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

కోటగుమ్మం

మీ నాన్నగారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. ఆ ఊరు ఉంది, కాని క్రాస్టర్ కాదు. కోటకు పడమరగా రెండున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎంబుల్టన్. కోట నిలబడిన నేల ఎంబుల్టన్ జమీనులోనిది, ఆ జమీను థామస్ వంశానిది. క్రాస్టర్ మాత్రం క్రాస్టర్ కుటుంబం కింద ఉన్న వేరే మాన్యం. ఈనాడు కార్లు నిలిపే చోటు క్రాస్టర్‌లో ఉండడం వల్ల అందరమూ దక్షిణం నుంచి కోటకు నడుస్తున్నాము, దానివల్లనే క్రాస్టర్ కోట వాకిట ఉన్న ఊరులా అనిపిస్తోంది. ఎంబుల్టన్‌లో పాత చర్చి, దాని పక్కనే దాడుల భయానికి బురుజులా కట్టుకున్న పద్నాలుగవ శతాబ్దపు పూజారి ఇల్లు ఇప్పటికీ ఉన్నాయి. నౌకలను అందుకోవడానికి కోటకు దాని సొంత రేవు కూడా ఉండేది, ప్రాకారానికి దక్షిణాన, ఇప్పుడు గొర్రెలు దిగే పల్లంలో.

నాన్నగారు వెళ్ళిపోయేలోగా వీలైతే మరొకసారి తీసుకువెళ్ళండి. ఈసారి ఎంబుల్టన్ వైపు నుంచి, ఇసుకతీరం మీదుగా నడవండి. అటు నుంచి ముందుగా లిల్‌బర్న్ బురుజు ఒక్కటే కొండ అంచున లేచి కనిపిస్తుంది. కోట చుట్టూ తిరిగి దక్షిణానికి వచ్చాక, సముద్రం వెనక్కు తగ్గిన వేళ అయితే, నీటి అంచున వరుసగా పేర్చినట్టున్న నల్లని బండలను చూడండి. థామస్ రేవు గట్టులో మిగిలినది అదే.